బి.ఏ.గారి వారాలు

రాజమండ్రి,
1897 జనవరి 4.

మామయ్యకు గోపాలకృష్ణమూర్తి నమస్కారాలు. అత్తయ్యకు విడిగా మరో నమస్కారం. కలిపి పెడితే తనకు సగమే అందిందంటుంది.

ఈసారి పని మీద రాస్తున్నాను. మా కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పేది నేనొక్కణ్ణే. నా శాఖంటే రెండు అద్దాల బీరువాలు, ఒక బల్ల, ఒక నౌకరు. మొన్న ప్రిన్సిపాల్ దొరగారు పిలిచి, ఈ శాఖ వల్ల పరీక్షలు ప్యాసవడం తప్ప ఇంకేం జరుగుతోందని అడిగారు. ప్యాసైనవాళ్ళు కచేరీల్లో గుమాస్తాలవుతున్నారని చెప్పాను. దానికి గంధకపు ఆమ్లం ఎందుకన్నారు. ఏప్రిల్లో కమిటీ కూర్చుంటుంది. అప్పటికి శాఖ తన ఉపయోగం చూపించలేకపోతే మూసేసి, ఆ గదిని చరిత్ర క్లాసుకిస్తారట.

బి.ఏ. అయి, ఎం.ఏ.కి చదువుతున్న శిష్యుడొకడు నాకున్నాడు, నరసింహమూర్తి. వాణ్ణి కొన్నాళ్ళు బయటికి పంపిస్తాను, నిజంగా రసాయనం జరిగేచోట చేత్తో పనిచేసి వస్తాడని దొరగారిని అడిగాను. ఒప్పుకున్నారు గాని ఒక మెలిక పెట్టారు. ‘కుర్రవాడికి మంచిదే. కాని కుర్రవాడు రేపు వెళ్ళిపోతాడు. శాఖకేం మిగులుతుంది? అది చూపించు’ అన్నారు.

బెల్లం వంటని మించిన రసాయనం మన జిల్లాలో ఏముంది? అందుకని మీ ఊరికి పంపుతున్నాను. వాళ్ళ నాన్నగారు కాకినాడలో పేరున్న ప్లీడరు. కుర్రాడు బుద్ధిమంతుడు. పదిహేను రోజులకోసారి శాఖకు నివేదిక రాస్తాడు. మీరు చెయ్యవలసిందల్లా వాణ్ణి పనిలో పెట్టడమే. ఈ గదిని నేను చరిత్రకు వదలదలచుకోలేదు.

మీ మేనల్లుడు,
గోపాలం

కొత్తమెరక, పెద్దాపురం తాలూకా,
జనవరి 19.

ఒరే గోపాలం, దీర్ఘాయుష్మంతుడవై ఆ రెండు బీరువాలనూ ఏలుకుందువుగాక.

నీ బి.ఏ. సామర్లకోట స్టేషనులో క్షేమంగా దిగాడు. ఎద్దుల మెడలో కొత్త మువ్వలు కట్టించి మన బండి పంపాను. బి.ఏ. అనే పదార్థాన్ని మా ఊరు దగ్గరగా చూడటం ఇదే మొదలు. నా సంగతంటావా, నేను నేర్చిన ఇంగ్లీషంతా దినుసుల పొట్లాలకు చుట్టి వచ్చిన పేపర్లలోది. అందుకే నాకు ఏ వార్తకూ మొదలు తెలియదు, చివర తెలియదు. ఆ అబ్బాయితో కూర్చుంటే నడిమి భాగాలకు కాస్త తలా తోకా దొరుకుతున్నాయి.

మీ అత్తయ్య మాణిక్యాంబ ఊరుకుంటుందా? పనసపొట్టు కూర ఒకనాడు, బొబ్బట్లు ఒకనాడు. బెల్లం పాకకు తీసుకువెళ్ళాను. ఊరందరికీ ఒకటే గానుగ, ఒకటే పెనం, వంతులవారీగా ఒక్కో ఇంటి చెరుకు ఆడతారు, నీకు తెలిసిందే. ఆయన వస్తున్నాడని గానుగ ఆపేశారు. బల్ల వేసి, దాని మీద జంపఖానా పరిచి, పొగ తగలకుండా గాలివాటు చూసి కూర్చోబెట్టారు. పెనం దగ్గర వంటచేసే చిట్టియ్య మొదటి వేడి బెల్లం అరిటాకులో పెట్టి ఇచ్చాడు. అందరూ ఆయన తింటుంటే చూస్తూ నిలబడేసరికి పెనంలో పాకం ముదిరి మాడింది. ఎవరూ ఏమీ అనుకోలేదు.

మర్యాదలో మా ఊరిది పాత పేరు. మా నాన్నగారి రోజుల్లో పొలాలు కొలవడానికి ఒక సర్వేయరు వచ్చాడట. ఈ ఇంట భోజనం, ఆ ఇంట ఫలహారం అయ్యేసరికి నెల తిరిగింది. కొలత మరిచిపోయి, గొలుసు కూడా మా అరుగు మీదే వదిలి వెళ్ళిపోయాడు. ఆ గొలుసుతో చాలా ఏళ్ళు బావిలో చేద దించుకున్నాం.

కాబట్టి నువ్వు నిశ్చింతగా ఉండు. నీ శిష్యుడి ఒంటి మీద ఇంతవరకు మసి చుక్క పడనివ్వలేదు. దొరగారికి ఆ మాట గట్టిగా చెప్పు.

నీ క్షేమం కోరే మామ,
కాశీపతి

రాజమండ్రి,
జనవరి 28.

మామయ్యకు నమస్కారాలు.

నరసింహమూర్తి మొదటి నివేదిక అందింది. మొత్తం ఇది: ‘బెల్లం చాలా బాగున్నది. ఊరివారు మిక్కిలి మర్యాదస్థులు. చెరుకు రసము కాచగా బెల్లమగును.’ దొరగారు చదివి, కాలేజీలో విందుల శాఖ ఎప్పుడు తెరిచావని నన్నడిగారు. చరిత్ర మాస్టరుగారు ఒక టేపు పట్టుకుని వచ్చి మా గది వెడల్పు కొలుచుకు వెళ్ళారు.

మీకు దణ్ణం పెడతాను. ఆ బొబ్బట్లు ఆపించండి. వాడి చేతికి మసి అంటాలి. మీరు అంటనివ్వకపోతే ఏప్రిల్ నాటికి నా దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

గోపాలం

కొత్తమెరక,
ఫిబ్రవరి 7.

నాయనా గోపాలం,

నీ ఉత్తరం విని మీ అత్తయ్య రెండు రోజులు నీ పేరెత్తలేదు. బొబ్బట్లను ఆపమన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదంది. నాకూ కాస్త చివుక్కుమంది. తరవాత తీరిగ్గా ఆలోచిస్తే తప్పు మాదే అనిపించింది. చుట్టానికి కుర్చీ వేస్తాం గాని పార ఇవ్వం. ఇది మా రక్తంలో ఉన్న జబ్బు.

జబ్బని తెలిసినా కుదరడం తేలిక కాలేదు. మర్నాడు పాకకు వెళ్ళి, ఈ అబ్బాయికి రసం మీద తేలే మడ్డి తీసే గరిటె ఇవ్వమన్నాను. చిట్టియ్య వినిపించుకోలేదు. మళ్ళీ అన్నాను. ‘అయ్యగారండి, మీ చుట్టం చెయ్యి కాలిందనుకోండి. రేపు నా మొహం ఎవరికి చూపించుకోమంటారు?’ అన్నాడు. నరసింహమూర్తి తనంత తానే గరిటె అందుకోబోతే నలుగురు పరుగెత్తుకొచ్చి లాక్కున్నారు. పాపం, అతనికీ సిగ్గుగానే ఉంది. బల్ల మీద కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందన్నాడు.

అప్పుడు నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. పెద్దాపురంలో నేను వారాలు చేసుకుని కాస్త సంస్కృతం ముక్క నేర్చుకున్నవాణ్ణి. వారానికి ఏడిళ్ళు, రోజుకొకరింట్లో భోజనం. వారాలబ్బాయికి అన్నం పెట్టని గృహస్థు లేడు, పని చెప్పని ఇల్లాలూ లేదు. సోమవారం వారు నాచేత కందులు విసిరించేవారు. బుధవారం వారి ఇంట్లో ముసలాయన వీపుకి నూనె రాయాలి. శనివారం వారి ఆవు నన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు. ఏడిళ్ళ పనీ తెలిసింది. సంస్కృతమే అంతంతమాత్రంగా వచ్చింది.

ఆ ఉపాయమే పట్టాను. పాకలో అందరూ ఉండగా నిలబడి చెప్పాను: ‘ఇవాళ్టి నుంచి ఈయన చుట్టం కాదు, వారాలబ్బాయి. అన్నం మా ఇంట్లో. పని మాత్రం ఎవరి వంతు వస్తే వాళ్ళది.’

మాట పడడమే ఆలస్యం, గాలి మారిపోయింది. వారాలబ్బాయితో ఎలా నడుచుకోవాలో మావాళ్ళకు తెలుసు. మొదటి రోజే పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోయించారు. రెండో ఇంటివారు రసం కుండలు మోయించారు. చిట్టియ్య ఇప్పుడతన్ని ‘ఏంటి బాబూ, మడ్డి తియ్యమంటే రసం తీసేస్తున్నారు’ అని కసురుతున్నాడు. చేతులు బొబ్బలెక్కాయి. మీ అత్తయ్య వెన్న రాస్తూ నిన్ను తిడుతోంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. నిన్నటి వంతు పెద్దింట్లమ్మది. మొగుడు పోయాక కాలవ పక్కన ఉన్న పల్లపు చేను ఒంటి చేత్తో సాగుచేస్తున్న మనిషి. మూడేళ్ళుగా ఆమె బెల్లం గట్టిపడటంలేదు. అచ్చులో పోస్తే నల్లగా, జిగురుగా జారిపోతుంది. నాలిక మీద ఉప్పగా ఉంటుంది. పెనం అదే, రసంలో వేసే సున్నం అదే, చిట్టియ్య చెయ్యి అదే. మెరక చేలవాళ్ళ బెల్లం రాయిలా ఉంటుంది. ఆమె బి.ఏ.ని అడిగింది: ‘ఇంత చదివారు కదా బాబూ, దీనికేం చెప్తారు మీ కాలేజీలో?’

అతను సాయంత్రం ఇంటికొచ్చి తిండి కూడా సరిగా తినలేదు. ఆమె చెరుకు రసం ఒక సీసాలో, మెరక చేను రసం ఒక సీసాలో, రెండు చేల మన్నూ విడిగా మూటకట్టి నీకు పంపుతున్నాడు.

నీకు మసి కావాలన్నావు. తగినంత అంటింది.

మామ

రాజమండ్రి,
ఫిబ్రవరి 18.

మామయ్యకు,

మీరు మంచి ఉద్దేశంతోనే చేశారు. కాని కొంప మునిగింది.

సామర్లకోటలో ఎవరో నరసింహమూర్తి నాన్నగారికి, మీవాడు కొత్తమెరకలో వారాలు చేసుకుంటున్నాడని చెప్పారట. ఆయన నిన్న సరాసరి కాలేజీకి వచ్చారు. తమ వంశంలో వారాలు చేసుకున్నవాడు లేడనీ, బి.ఏ. చదివించింది ఇంటింటా అన్నం అడుక్కోవడానికి కాదనీ వరండాలో నిలబడి కోర్టులో వాదించినట్టు వాదించారు. దొరగారికి వారాలంటే ఏమిటో తెలియదు. నేను తర్జుమా చెయ్యబోతే ఇంకా ఘోరంగా తయారైంది. శాఖ విద్యార్థుల చేత భిక్షాటన చేయిస్తోందా అని అడిగారు.

ప్లీడరుగారు రేపో మాపో అక్కడికి వస్తారు. దయచేసి కుర్రాణ్ణి ఆయనతో పంపించెయ్యండి. సీసాలు అందాయి. ఈ గొడవలో మూత తియ్యలేదు.

గోపాలం

కొత్తమెరక,
ఫిబ్రవరి 24.

గోపాలానికి,

ముందు ఆ సీసాల మూతలు తియ్యి. తరవాత ఇది చదువు.

తీశావా? సరే.

ప్లీడరుగారు వచ్చారు. జరీ తలపాగా, చేతికర్ర. నేను ఎదురెళ్ళి కాళ్ళకు నీళ్ళిచ్చాను. తాకలేదు. కొడుకెక్కడన్నారు. పాకలో ఉన్నాడన్నాను. ఆయన పాకలో అడుగుపెట్టే వేళకు మీ బి.ఏ. పంచె గోచీ పెట్టి, తలకు తువ్వాలు చుట్టి, పెనం ముందు నిలబడి ఉన్నాడు. చిట్టియ్య పాకం చుక్క చన్నీళ్ళలో వేసి ఉండ కడుతుందా లేదా చూపిస్తున్నాడు. ఆ క్షణం దాటితే పెనం మొత్తం పోతుంది.

‘నరసింహం’ అన్నారాయన.

‘పాకం దగ్గరున్నానండి నాన్నగారూ. దించాక మాట్లాడతాను.’

ఆ మాట విని ఆయన ముఖం చూడాలిరా. అయినా నిలబడ్డారు. ప్లీడరు కదా, ఎదుటివాడి వాదన పూర్తయ్యేదాకా ఆగడం అలవాటై ఉంటుంది. పెనం దించారు. అచ్చుల్లో పోశారు. కొడుకు చెయ్యి తుడుచుకుని వచ్చాడు.

ఎన్ని ఇళ్ళల్లో తింటున్నావని ఆయన అడిగారు. ఒక్క ఇంట్లోనే, మాణిక్యాంబగారు పెడుతున్నారని అతను చెప్పాడు. మరి వారాలేమిటని అడిగితే, పనికి వారాలండీ అన్నాడు. తండ్రికి సగం కోపం అక్కడే దిగింది. మిగతా సగం దాచుకుని, బయలుదేరు, బండి ఉందన్నారు. పెద్దింట్లమ్మ చెరుకింకా మిగిలి ఉందనీ, ఆ రసం రోజూ చూడాలనీ, అది అయ్యేదాకా రాననీ కొడుకు చెప్పాడు.

‘ఆవిడ అడిగినదానికి నీకు జవాబు తెలుసా?’

‘తెలియదండి.’

‘తెలియనప్పుడు ఉండి ఏం చేస్తావు?’

‘తెలియకపోతేనే కదండీ ఉండాలి.’

ఆయన నా వైపు తిరిగారు. మా వంశంలో వారాలు చేసుకున్నవాడు లేడని నాతోనూ అన్నారు. అందుకే మీ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుంటుందో మీకెవరికీ తెలిసి ఉండదన్నాను. నవ్వు రాబోతే మీసం సర్దుకున్నారు. మజ్జిగ తాగి బండెక్కారు. కొడుకు ఉండిపోయాడు.

ఇక నీ సంగతి. మొదట్నుంచీ శాఖకేం మిగులుతుందని అడుగుతున్నావు. పెద్దింట్లమ్మ కూడా అలాంటి లెక్కే అడుగుతోంది. రసం ఇచ్చింది, మన్ను ఇచ్చింది, తన వంతులో మీవాడికి పని నేర్పింది. ఆమెకేం మిగులుతుంది? ఉగాదిలోగా చెరుకు ముక్కలు నాటాలా, ఆ చేను వరికి తిప్పాలా తేల్చుకోవాలి. వరికి తిప్పితే పాకలో ఆమె వంతు పోతుంది, మళ్ళీ రాదు. మామగారి కాలం నుంచి ఉన్న వంతు. నీ గది నీకెంతో, ఆ వంతు ఆమెకంత. కుర్రాడు పదిరోజుల్లో వస్తాడు. నువ్వు జవాబు పంపు.

మామ

రాజమండ్రి,
మార్చి 13.

మామయ్యకు నమస్కారాలు.

నరసింహమూర్తి వచ్చాడు. సీసాలను పరీక్షిస్తున్నాం. పెద్దింట్లమ్మ విషయం శాఖ పరిశీలనలో ఉన్నదని చెప్పవలసింది. కమిటీకి నివేదిక తయారుచేసే హడావుడిలో ఉన్నాను. అత్తయ్యకు నా నమస్కారం, విడిగానే.

గోపాలం

కొత్తమెరక,
మార్చి 27.

గోపాలకృష్ణమూర్తికి,

పూర్తి పేరు రాశానంటే అర్థం చేసుకో.

‘పరిశీలనలో ఉన్నది’ అన్న మాటతో నాకు పాత పరిచయం. మా కాలవ గట్టు తెగితే తాలూకా కచేరీ వాళ్ళు అదే మాట రాశారు. గట్టు మేం పూడ్చుకున్నాం. మాట అక్కడ ఇంకా పరిశీలనలోనే ఉంది.

నీ ఉత్తరం పెద్దింట్లమ్మకు చదివి వినిపించాను. విని, దానికి అర్థమేంటండి అని అడిగింది. కాలేజీవాళ్ళు వచ్చారు, చూశారు, చెయ్యి కడుక్కుని పోయారని పాకలో అనుకుంటున్నారు. నరసింహమూర్తి అలాంటివాడు కాదని చిట్టియ్య ఒక్కడే గట్టిగా వాదించాడు. ఇంకో మనిషిని పంపితే గరిటె కాదుగదా, పాక గుమ్మం కూడా ఎవరూ చూపించరు. నీ శాఖకు మిగిలేది అదీ.

ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. మీ కాలేజీ ఎక్కడుంటుందని నన్నడిగింది. చెప్పాను. సోమవారం పడవలో బయలుదేరుతోంది, తోడు చిట్టియ్య వస్తున్నాడు. ఆపమంటావేమో. ఆపను. ఆపగలనని కూడా అనుకోను.

కాశీపతి

రాజమండ్రి,
ఏప్రిల్ 2.

మామయ్య పాదాలకు గోపాలం అనేక నమస్కారాలు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వాళ్ళు వచ్చిన రోజే కమిటీ. నేను నివేదిక చేతిలో పట్టుకుని వరండాలో నడుస్తుంటే, ఆఫీసు గుమ్మం పక్కన స్తంభానికి ఆనుకుని ఇద్దరు కూర్చుని ఉన్నారు. నౌకరు లేవమంటే ఆమె లేవలేదు. రసాయనం మేష్టారు కావాలండీ అంటోంది. కమిటీ వాళ్ళు దాటి వెళుతూ చూస్తున్నారు. ఇంతలో దొరగారు బయటికి వచ్చి, వీరెవరు, ఏం కావాలి అని అడిగారు.

అబద్ధం చెప్పడానికి వీల్లేదు. వీరి చెరుకు రసం మా దగ్గర ఉంది, దాని గురించి అడగడానికి వచ్చారని చెప్పాను. ఏం చెప్పావని ఆయన అడిగారు. ఇంకా ఏమీ చెప్పలేదన్నాను. అయితే ఇప్పుడు చెప్పమని దొరగారు అక్కడే నిలబడ్డారు.

నేను ఇద్దర్నీ గదిలోకి తీసుకెళ్ళాను. దొరగారూ మా వెనకే వచ్చారు. నరసింహమూర్తి రెండు రసాల్లోనూ ఉప్పు తగిలితే తెల్లబడే వెండి మందు చుక్కలు వేసి చూపించాడు. ఆమె చేను రసం విరిగిన పాలలా తెల్లబడింది, మెరక చేను రసం కాస్త మసకబారిందంతే. ‘ఇది ఉప్పమ్మా’ అన్నాను. ‘ఉప్పని నా నాలిక మూడేళ్ళ కిందటే చెప్పింది. ఎక్కణ్ణించి వస్తోంది, ఎలా పోతుంది?’ అని అడిగింది.

మామయ్యా, నేను నెలరోజులుగా దాక్కుంటున్నది ఆ ప్రశ్న నుంచే. మన్నులోంచి వస్తోందో, కాలవ ఊటలోంచి వస్తోందో, ఆమె నాటే విత్తనపు చెరుకులోనే ఉందో నాకు తెలియదు. అదే చెప్పాను. మాకు తెలియదమ్మా అన్నాను. దొరగారు వింటుండగానే.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ‘తెలీదని చెప్పడానికి నెల పట్టిందా బాబూ? ఆ మాటే ముందు చెప్పుంటే ఈ నెలంతా కలిసి వెతుక్కునేవాళ్ళం కదా’ అంది.

నరసింహమూర్తే ముందుకొచ్చాడు. చేను రెండుగా చేసి, ఒక సగంలో ఆమె విత్తనమే, రెండో సగంలో మెరక చేను విత్తనం నాటి చూద్దామన్నాడు. రెండూ ఉప్పగా వస్తే తప్పు నేలది, నీటిది. ఒకటే వస్తే విత్తనానిది. ఏడాది పడుతుందని చెప్పాడు. ఆమె చిట్టియ్య వంక చూసింది. చిట్టియ్య, సగం పోయినా సగం ఉంటుంది కదమ్మా, వంతు నిలబడుతుందన్నాడు. అప్పుడు సరేనంది.

కమిటీలో నా నివేదిక ఎవరూ చదవలేదు. దొరగారు లేచి, ఈ కాలేజీకి ఇన్నాళ్ళూ మార్కులు అడగడానికి, ఉద్యోగాలు అడగడానికి మనుషులు వచ్చారు, ఒక సంగతి తెలుసుకోవడానికి పొలం నుంచి మనిషి రావడం ఇవాళే చూశానని చెప్పారు. శాఖను ఏడాది ఉంచారు. ఏడాది మాత్రమే. రెండు షరతులు పెట్టారు. బయటికి పంపిన ప్రతి విద్యార్థీ శాఖకు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకురావాలి. దానికి తెలిసినా తెలియకపోయినా శాఖ నెలలోగా జవాబు చెప్పి తీరాలి, పేరు పెట్టి, సంతకం చేసి. రెండో షరతు నన్నుద్దేశించినదని అందరికీ అర్థమైంది. నాకు కూడా.

మళ్ళీ గానుగ ఆడే రోజులకు ఇద్దర్ని పంపుతాను. ఈ ఏడాది చాలదని నాకు తెలుసు. చాలేట్టు చేస్తాను.

మీ గోపాలం

కొత్తమెరక,
ఏప్రిల్ 16.

ఒరే గోపాలం,

మళ్ళీ చిన్న పేరుకి వచ్చాను, గమనించు.

పెద్దింట్లమ్మ మొన్న చెరుకు ముక్కలు నాటించింది. ఉగాది దాటిందని కొందరు నసిగారు. చిట్టియ్య, ఆలస్యమైతే ఆలస్యమే, కాలేజీ కోసం పంచాంగం ఆగదు గాని మనం ఆగొచ్చన్నాడు. చేను నడిమిన ఆమే దగ్గరుండి గట్టు వేయించింది. ఇటువైపు తన విత్తనం, అటువైపు మెరక చేనుది. దారిన పోయేవాళ్ళు, రెండు రకాలెందుకు నాటావని అడిగితే, ‘అటు సగం నాది కాదండి, కాలేజీవాళ్ళది. పాడైతే వాళ్ళనే అడుగుతాను’ అని చెబుతోంది. ఆ మాట ఊరంతా తెలిసిపోయింది. అందుచేత మీ శాఖకిప్పుడు రెండు బీరువాలు, ఒక బల్ల, ఒక నౌకరుతోపాటు కొత్తమెరక పల్లంలో అరచేను కూడా ఉన్నట్టు లెక్క. దొరగారితో చెప్పు.

వచ్చే నెల కలుపు తియ్యాలి. మీ సగానికి మీరు రావాలని ఆమె అంటోంది. ఎవరు వస్తారో రాయి. పంచె పాతదైతే మంచిది.

మామ కాశీపతి